పాత కంప్యూటర్ గేములు వదిలించుకోవడం: అపోహలు, వాస్తవాలు

పాత గేములు కొని అమ్మడమే నా వృత్తి. సంచి నిండా డిస్కులతో వచ్చేవారు మొదట ధర అడుగుతారు. నేను మాత్రం ఆ డిస్కు మరొకరి ఇంట్లో, మరొకరి యంత్రంలో నడుస్తుందా లేదా అన్నదే ముందు చూస్తాను.

అపోహ: డబ్బు పెట్టి కొన్న డిస్కును ఎవరికైనా అమ్ముకోవచ్చు.

వాస్తవం: టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ 4 యంత్రపు డిస్కుల వంటి వాటి విషయంలో ఇది నిజమే. డిస్కు పెట్టే డ్రైవు ఉన్న ప్లేస్టేషన్ 5లోనూ అవి దాదాపు అన్నీ నడుస్తాయి కనుక ఇప్పటికీ గిరాకీ ఉంది. కంప్యూటర్ గేముల కథ వేరు. 2004లో ‘హాఫ్-లైఫ్ 2’ను పెట్టెతో సహా కొన్నవారు సైతం ఆన్‌లైన్‌లో గేములు అమ్మే స్టీమ్ అనే సేవలో ఖాతా తెరిచి, పెట్టెలోని కీని, అంటే గేము కోడ్‌ను, నమోదు చేస్తేనే ఆడగలిగారు, ఒక ఖాతాకు చేరిన కీ మరొక ఖాతాలో చెల్లదు. ఆ తర్వాత వచ్చిన పెద్ద గేముల్లో అనేకం ఇదే పద్ధతిని అనుసరించాయి. ఖాతా తప్పనిసరి అన్న షరతు సాధారణంగా పెట్టె వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. దాన్ని ఇంటి దగ్గరే చదువుకుంటే దుకాణం దాకా రావలసిన శ్రమ తప్పుతుంది. కీ వాడేసిన డిస్కుకు నేను ధర కట్టను. అట్టపెట్టె, లోపలి పుస్తకం చెక్కుచెదరకుండా ఉంటే, సేకరించేవారి కోసం కొంత ఇస్తాను.

అపోహ: అలాగైతే ఖాతానే అమ్మేయవచ్చు.

వాస్తవం: స్టీమ్ ఒప్పందం అందుకు ఒప్పుకోదు. పైగా మొదటి యజమాని పాత చెల్లింపుల ఆధారాలు చూపి ఖాతాను మళ్లీ తన చేతిలోకి తెచ్చుకోగలడు కాబట్టి, కొన్నవారి డబ్బుకు భద్రత ఉండదు. అక్కరలేని గేమును సహాయ విభాగం ద్వారా ఖాతా నుంచి శాశ్వతంగా తీసివేయవచ్చు గాని, దానికి డబ్బు రాదు. కొని 14 రోజులు దాటకుండా, ఆడిన సమయం 2 గంటల లోపే ఉంటే మాత్రం సొమ్ము వాపసు అడగవచ్చు.

అపోహ: ఎంత పాతదైతే అంత విలువ.

వాస్తవం: అటారీ సంస్థ 1983లో న్యూ మెక్సికోలోని అలమగోర్డోలో పూడ్చిపెట్టిన గేములను 2014లో తవ్వి తీసి, వాటిలో కొన్నింటిని వేలం వేసిన సంగతి చదివి, అటక మీది డిస్కులు దించుకుని వచ్చేవారున్నారు. అక్కడ పలికిన ధర ఆ పూడ్చివేత ఉదంతానిదే. మన ఇళ్లలో దొరికేవి ఎక్కువగా పత్రికలతో ఉచితంగా వచ్చిన డెమో డిస్కులు, వీధి చివర కొన్న కాపీలు. అసలైన డిస్కే అయినా, 2000 ప్రాంతపు గేముల్లో చాలావాటికి ఉన్న, కాపీ తీయకుండా అడ్డుకునే సేఫ్‌డిస్క్ రక్షణ విండోస్ 10లో పని చేయదు కనుక, అవి ఉన్నవి ఉన్నట్టుగా తెరుచుకోవు.

అపోహ: కాపీ డిస్కులను నామమాత్రపు ధరకు అమ్మితే తప్పు లేదు.

వాస్తవం: తప్పే. 1957 నాటి కాపీరైట్ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, తెలిసి చేసే ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా పడవచ్చు. ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

అపోహ: టూత్‌పేస్టుతో రుద్దితే గీతలు పోయి మంచి ధర వస్తుంది.

వాస్తవం: సీడీలో సమాచారం ఉన్న పొర పేరు ముద్రించిన వైపునే ఉంటుంది, ఆ వైపు లోతుగా గీసుకుంటే బాగుచేసే దారి లేదు. అడుగు వైపు దాదాపు 1.2 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ ఉంటుంది కాబట్టి, అక్కడి పైపై గీతలు తగిన యంత్రంతో పాలిష్ పట్టిస్తే పోతాయి. ప్లేస్టేషన్ 4 డిస్కులు బ్లూ-రే రకానివి. వాటిలో సమాచారపు పొర మీద ఉండేది 0.1 మిల్లీమీటరే కనుక, రుద్దుడు మొదలుపెడితే గీతతో పాటు గేమూ పోతుంది. మెత్తని పొడిగుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచి తెస్తే చాలు.

ఎవరికీ పనికిరాని డిస్కులను తగలబెట్టకండి, విషపు పొగ వస్తుంది. అట్టలను, కాగితాలను పాత పేపర్ల వారికి వేరుగా ఇచ్చి, డిస్కులను తీసుకుంటారో లేదో ముందుగా అడిగి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల కేంద్రానికి చేర్చండి.