ఎంజీబీ వెనుక యాక్సిల్: ‘టక్’ మంటే క్రౌన్ పినియన్ పోయినట్టేనా?

ఇంగ్లండ్‌లో మేము నడిపే పాత కార్ల వర్క్‌షాపుకు ఎంజీబీ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తెచ్చేవారు బండి దిగుతూనే చెప్పే మాట ఒకటుంది: “డిఫరెన్షియల్ పోయిందట, క్రౌన్ పినియన్ మార్చాలట.” (డిఫరెన్షియల్ అంటే ఇంజను లాగుడును రెండు వెనుక చక్రాలకు పంచే గేర్ల అమరిక; ఆ లాగుడును దానికి అందించే గేర్ల జత క్రౌన్ పినియన్.) ఆ ‘అట’ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం సమాధానం ఉండదు. 1962 నుంచి 1980 వరకు ఆబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారైన ఈ కారుకు, క్లచ్ వదిలినప్పుడో, యాక్సిలరేటర్ మీద కాలు తీసి మళ్లీ తొక్కినప్పుడో వెనుక ‘టక్’ మనడం పుట్టుజబ్బు లాంటిది. ఆ ఒక్క శబ్దానికి భయపడి మొత్తం యాక్సిల్‌నే మార్పించుకున్నవారిని చాలామందిని చూశాను.

అపోహ: టక్ మంటే క్రౌన్ పినియన్ అరిగిపోయినట్టే.

వాస్తవం: క్రౌన్ పినియన్ పళ్లు అరిగినా, పినియన్ బేరింగులు పోయినా వేగాన్ని బట్టి హెచ్చుతగ్గులతో ఊళ వినిపిస్తుంది. లాగుడు ఒక దిశ నుంచి మరో దిశకు మారిన క్షణంలో మాత్రమే పడే ఒంటి దెబ్బకు కారణం, చాలా సందర్భాలలో, డిఫరెన్షియల్ లోపలి చిన్న గేర్లయిన స్టార్ పినియన్ల వెనుక ఉండే కంచు థ్రస్ట్ వాషర్లూ (ఒత్తిడిని తట్టుకునే పలుచని బిళ్లలు), వాటితో కలిసే పక్క గేర్ల వెనుక ఉండే ఫైబర్ వాషర్లూ అరిగి పళ్ల మధ్య సందు పెరగడమే. ఈ వాషర్లన్నీ కలిపినా ఒక ట్యాంకు పెట్రోలు ధర కూడా ఉండదు. పని మాత్రం చిన్నది కాదు: ట్యూబ్ తరహా యాక్సిల్‌లో వెనుక కవర్ తీసి, యాక్సిల్ షాఫ్టులు బయటికి లాగి, లాకింగ్ పిన్ను కొట్టి, స్టార్ పినియన్లు తిరిగే అడ్డ పిన్ను తప్పించి, గేర్లను తిప్పుతూ వాషర్లు మార్చాలి. క్రౌన్ పినియన్ సెట్టింగు జోలికి పోనవసరమే లేదు. అయితే ఆ అడ్డ పిన్ను మీదే మెట్టులా అరుగుదల కనిపిస్తే దాన్ని కూడా మార్చాలి, లేకపోతే కొత్త వాషర్లు వేసినా టక్కు పోదు.

ఒక శీతాకాలం ఒక రిటైర్డు మాస్టారు వచ్చారు. ఇంకెక్కడో యాక్సిల్ మొత్తం మార్చాలని చెప్పారట. అంత డబ్బు లేక, శబ్దం గాలిలో కలిసిపోతుందని ఆరు నెలలుగా చలిలో కూడా హుడ్ (కారు పైకప్పు గుడ్డ) తీసే నడుపుతున్నారు. కవర్ తెరిస్తే ఆయిల్‌లో పసుపు మెరుపు తేలింది. ఒక వాషరు గోటితో నొక్కితే వంగేంత పలుచబడింది, రెండోది ముక్కలైంది. పళ్లు మాత్రం చెక్కు చెదరలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో అంబాసిడర్ల మీద పని నేర్చుకున్నవాణ్ణి నేను. ఆ ఇంజనూ, ఎంజీబీ ఇంజనూ ఒకే బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బీ-సిరీస్ కుటుంబానివి. ఏ శబ్దం వచ్చినా విప్పడానికి ఎగబడే నన్ను మా మేస్త్రి, “ఒరేయ్, ముందు చేత్తో చూడు, తర్వాత పానా పట్టు,” అని కసిరేవారు. ఇప్పుడు నేనూ అలాగే మొదలుపెడతాను: గేరు న్యూట్రల్‌లో ఉంచి, చక్రాలకు అడ్డాలు పెట్టి, వెనుక యాక్సిల్‌కు లాగుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టును అటూ ఇటూ తిప్పి దాని కీళ్లయిన యూజే క్రాసులలో ఆట ఉందేమో చూడాలి, ఆ తరువాత యాక్సిల్‌ను పట్టి ఉంచే స్ప్రింగు యూ-బోల్టులు వదులయ్యాయేమో పరీక్షించాలి. ఆ రెండూ బాగుంటేనే డిఫరెన్షియల్‌ను అనుమానించాలి.

చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం పోతుందన్నది వట్టి మాట; అరిగిన సందును ఆయిల్ పూడ్చదు. ఇక పినియన్ ఆయిల్ సీల్ మార్చడం తేలిక పనేనన్న అపోహకు నేను స్వయంగా మూల్యం చెల్లించాను. పినియన్ నట్టు పాత స్థానానికి గుర్తు పెట్టుకోకుండా విప్పి, అంచనాతో బిగించాను. లోపల బేరింగుల మధ్య ఉండి, బిగించేకొద్దీ నలిగే స్పేసరు (గొట్టం లాంటి ముక్క) మరింత నలిగి బేరింగుల మీద ఒత్తిడి మితిమీరింది. నిశ్శబ్దంగా వచ్చిన బండి ఊళ వేస్తూ వెళ్లింది, వారానికి తిరిగి వచ్చింది, ఆ ఖర్చంతా నేనే భరించాను.

వైర్ వీల్స్ (తీగల చక్రాలు) ఉన్నవారు మరొకటి చూసుకోవాలి. వెనుక చక్రం జాకీ మీద లేపి, ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోగా చక్రాన్ని ఊపితే, హబ్ కదలకుండా చక్రం మాత్రమే కదిలితే అరిగినవి హబ్ స్ప్లైన్లే (చక్రం కూర్చునే గాళ్ల పళ్లు). అక్కడి దెబ్బ కూడా అచ్చం డిఫరెన్షియల్ దెబ్బలాగే వినిపిస్తుంది. ఆ హబ్‌లు మార్చేటప్పుడు ఎడమదీ కుడిదీ తారుమారు చేయకూడదు. కారు ముందుకు వెళ్లేటప్పుడు చక్రం ఏ వైపు తిరుగుతుందో ఆ వైపు తిప్పితేనే, చక్రాన్ని పట్టి ఉంచే మధ్య నట్టు ఊడాలి. హబ్‌లు మారిపోతే అదే నట్టు నడుస్తుండగానే వదులవుతుంది.