గడ్డి మందు తాగితే రక్తం కడిగేస్తే సరిపోతుందా?

నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి అంబులెన్సుల్లో చెన్నై వచ్చే మనవాళ్లు డయాలిసిస్ గది బయట నిలబడి అడిగే మాట ఒకటే: "రక్తమంతా కడిగేస్తే మందు పోతుంది కదా సార్?" కొంత పోతుంది. ఎంత పోతుందనేది మెషిన్ కన్నా టైమ్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ సంగతి ఊళ్లో ఉండగానే తెలిసుంటే బాగుండేదని ప్రతిసారీ అనిపిస్తుంది.

గడ్డి మందులన్నీ ఒకటి కావు. గ్లైఫోసేట్ తాగి కిడ్నీలు దెబ్బతిన్నా, రక్తంలో పొటాషియం పెరిగినా మామూలు డయాలిసిస్ చాలావరకు ఆదుకుంటుంది. పారాక్వాట్ సంగతి వేరు, దానికి విరుగుడు లేదు. తాగిన కొద్ది గంటల్లోనే రక్తంలోకి చేరుతుంది. ఊపిరితిత్తుల కణాలు తమకి కావలసిన పాలీఅమీన్లు అనే పదార్థాలను లోపలికి లాక్కుంటాయి, పారాక్వాట్ చూడ్డానికి వాటిలాగే ఉండటంతో దాన్నీ లాక్కుంటాయి. లోపలికి వెళ్లాక అది అక్కడి ఆక్సిజన్‌తో కలిసి కణాలను కాల్చే పదార్థాలను మళ్లీ మళ్లీ పుట్టిస్తూనే ఉంటుంది. అందుకే మనిషి ఆయాసపడుతున్నా, రక్తంలో ఆక్సిజన్ బాగా తగ్గేదాకా డాక్టర్లు ఆక్సిజన్ పెట్టరు. చుట్టాలు గొడవకి దిగేది ఇక్కడే, కానీ డాక్టర్లు చేసేది సరైన పనే.

ఏ మందు తాగారో తెలియకపోతే మూత్రంతో చిన్న పరీక్ష చేస్తారు. టెస్ట్‌ట్యూబులో కొంచెం మూత్రం పోసి సోడియం బైకార్బొనేట్, సోడియం డైథయోనైట్ కలిపితే, పారాక్వాట్ ఉన్నప్పుడు అది నీలంగా మారుతుంది. నీలం ఎంత ముదిరితే డాక్టరు ముఖం అంత ముడుచుకుంటుంది.

ఇక రక్తశుద్ధి. దీన్ని హీమోపెర్ఫ్యూజన్ అంటారు. మెడలోనో తొడలోనో పెద్ద సిరలోకి గొట్టం వేసి, గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తూ, రక్తాన్ని బొగ్గు గుళికలో రెజిన్ పూసలో నింపిన కార్ట్రిడ్జ్ గుండా పంపి మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. డయాలిసిస్‌లో విషం పల్చటి పొర దాటి అవతలి నీళ్లలోకి పోతుంది, ఇక్కడ పూసలకే అంటుకుపోతుంది. పారాక్వాట్‌ని పట్టుకోవడంలో మామూలు డయాలిసిస్ కన్నా ఇదే మెరుగు. కొన్ని గంటలకి పూసల పట్టు తగ్గుతుంది, కార్ట్రిడ్జ్ మార్చాలి. ప్లేట్‌లెట్లు కూడా కొన్ని వాటికే అంటుకుని తగ్గుతాయి, అందుకే మధ్యమధ్యలో రక్తపరీక్షలు చేస్తుంటారు.

చిక్కెక్కడంటే, మెషిన్ కడిగేది రక్తాన్నే. కండరాల్లో, ఊపిరితిత్తుల్లో చేరిపోయినదాన్ని అది నేరుగా తీయలేదు. ఊట బావి తోడినట్టే, రక్తం శుభ్రమైందనుకునేలోపు కండరాల్లోంచి విషం మళ్లీ ఊరుతుంది. మొదటి నాలుగైదు గంటల్లో మొదలుపెడితే ఫలితం మెరుగ్గా ఉన్నట్టు అధ్యయనాలు చూపించాయి, ఆలస్యమైతే లాభం చాలా తగ్గిపోతుంది. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. ఆ ప్రయాణమే విలువైన గంటల్ని మింగేస్తుంది. పెద్దాసుపత్రి పేరు చూసి దగ్గర్లో ఉన్న ఆసుపత్రిని దాటి రావద్దు.

108కి ఫోన్ చేయండి. వాంతి చేయించవద్దు, మందు తిరిగి పైకొస్తూ గొంతుని మళ్లీ కాలుస్తుంది. తడిసిన బట్టలు తీసేసి ఒళ్లు సబ్బుతో కడగండి, మందు సీసా వెంట తీసుకెళ్లండి. మొదటి రోజుల్లో మనిషి మామూలుగానే మాట్లాడుతుంటాడు, బాగైపోయాడని ఇంటికి తీసుకెళ్లిపోవద్దు, ఊపిరితిత్తుల దెబ్బ తర్వాత బయటపడుతుంది.

కేరళ 2011లోనే పారాక్వాట్‌ని నిషేధించింది. దక్షిణ కొరియా 2012లో అమ్మకాలు ఆపేశాక పురుగుమందుల ఆత్మహత్యలు బాగా తగ్గాయి. మన ప్రభుత్వాలూ ఆ పని చేయాలని గట్టిగా అడగాలి. ఈలోగా ఇంట్లో ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే మందు డబ్బాలు వాళ్లకి అందకుండా తాళం వేయండి, వాళ్లని ఒంటరిగా వదలకండి. టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.