'ఆన్'కి మీ భాషలో మాటేంటి? (అపోహలు - వాస్తవాలు)

అమలాపురంలో పొద్దున ఇంగ్లిషు గ్రామరు, సాయంత్రం ఎస్పెరాంటో (దేశాల మధ్య వాడుకోమని ఒకాయన కట్టిన భాష) చెబుతుంటాను. కథ కోసమో గేము కోసమో సొంత భాష కట్టుకునే కుర్రాళ్లు నోటుబుక్కులు పట్టుకుని వస్తుంటారు. ఎవరిది తెరిచినా అదే పేజీ: ఎడమ పక్క ఇన్, ఆన్, ఎట్ లాంటి ప్రిపొజిషన్లు (నామవాచకం ముందొచ్చే మాటలు), కుడి పక్క లా, జో, కీ.

అపోహ: ఇంగ్లిషు ప్రిపొజిషన్లకి తలో కొత్త మాట పెట్టేస్తే చాలు.

ఆర్నెల్ల కష్టం గోదాట్లో కలిసేది ఇక్కడే. మొన్నొకడు 'ఆన్'కి 'జో' పెట్టాడు. గోడ మీద బల్లికి జో, ఆదివారానికి జో, వరదల గురించి పాఠానికి జో, ఫ్యాను వేసి ఉంటే దానికీ జో. "ఇవన్నీ ఒకటేనా నాయనా?" అంటే బిక్కమొహం వేశాడు. టెన్షన్ అక్కర్లేదు, నేనూ ఇలాగే మొదలెట్టాను. ఆ నాలుగూ ఒక మాటలో ఇరుక్కోవడం ఇంగ్లిషు చరిత్ర, మీ భాషకి ఆ గొడవ దేనికి? ఎస్పెరాంటో కట్టిన జామెన్‌హోఫ్ 1887లో ఇచ్చిన 16 నియమాల్లో 14వది ఇదే: ప్రతి ప్రిపొజిషన్‌కీ అర్థం స్థిరంగా ఉండాలి. బల్లికి 'సుర్', పాఠానికి 'ప్రి'. ఆదివారానికి ప్రిపొజిషనే వద్దు, 'దిమాన్చె' అంటే సరి. ఏదీ అతకనిచోట వాడుకోమని, సొంత అర్థం లేని 'యె' ఒకటిచ్చాడు.

అపోహ: ఎస్పెరాంటోవన్నీ లాటిన్ మాటలే.

ఎవరో వీడియోలో చెప్పారట. 'సుబ్' (కింద) లాటిన్, 'చె' (దగ్గర) ఫ్రెంచి, 'పో' (చొప్పున) స్లావిక్, అంటే రష్యన్ లాంటి భాషలది. అయిపోయింది.

అపోహ: ప్రిపొజిషన్లు లేనిది భాషే కాదు.

తెలుగువాళ్లే ఇలా అంటే ఏం చెప్పను? మనవి మాట ముందు కాదు, వెనక వస్తాయి. ఆ 'జో' కుర్రాడిది నరసాపురం. నాకూ అటు పనుండి సఖినేటిపల్లి రేవులో ఇద్దరం గోదారి దాటించే పంటు ఎక్కాం. చుట్టూ వినమన్నాను. "బండి పక్కన పెట్టు." "పక్కకి జరగండి." "పక్క నుంచి రా." పక్క మామూలు నామవాచకమే; దానికే న, కి, నుంచి తగులుకున్నాయి. 'తో' వెనక తోడు ఉంది, 'గురించి' వెనక గురి ఉంది. స్టార్ ట్రెక్ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ కట్టిన క్లింగాన్ భాషలోనూ అంతే: 'రష్' బల్ల, 'బింగ్' కింది చోటు, 'డాక్' మన 'లో' లాంటిది. 'రష్ బింగ్‌డాక్' అంటే బల్ల కింద. ఈ ముక్కలో మాటల వరస కూడా మనదే!

నరసాపురం ఒడ్డు తగిలేసరికి వాడు పాత పేజీ కొట్టేసి, గట్టుకి 'మెన్' అని రాసుకున్నాడు.

"మెన్ అరిగి అరిగి 'మె' అయితే, అదే 'మీద' అయిపోద్దా మాస్టారండీ?"

"అవుతుంది గానీ, మీ లోకంలో ఓ మూడొందల ఏళ్లు గడవాలి" అన్నాను.