ప్లాటియా అంటే యుద్ధం కాదు, ఒక ఊరు

ప్రాచీన గ్రీకు చరిత్ర పాఠం చెబుతూ ప్లాటియా దగ్గరికి వచ్చేసరికి నాకు ముందుకు వెళ్లబుద్ధి కాదు. సితైరాన్ కొండ పాదాన, బలమైన థీబ్స్‌కు పూటలో నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న చిన్న ఊరది. క్రీ.పూ. 479లో పర్షియన్ సేన అక్కడ ఓడిందన్న ఒక్క ముక్క తప్ప చాలామందికి దాని గురించి తెలియదు.

అపోహ: మారథాన్‌లో పర్షియన్లతో ఏథెన్స్ ఒంటరిగా పోరాడింది.

వాస్తవం: క్రీ.పూ. 490లో ప్లాటియన్లు ఉన్న బలమంతా తీసుకుని వచ్చి ఏథెన్స్ సేనకు ఎడమవైపు నిలబడ్డారు. స్పార్టా సేన వచ్చేసరికి యుద్ధమే అయిపోయింది.

అపోహ: పెలోపొనీషియన్ యుద్ధం ఏథెన్స్, స్పార్టా సేనలు తలపడటంతో మొదలైంది.

వాస్తవం: మొదటి దెబ్బ ఈ ఊరి మీదే పడింది. క్రీ.పూ. 431లో ఒక రాత్రి, లోపలివాళ్లే కొందరు తలుపులు తీయగా, స్పార్టాకు మిత్రులైన థీబ్స్ సైనికులు 300 మందికి పైగా చొరబడ్డారు. వచ్చింది కొద్దిమందేనని గ్రహించిన జనం, వీధిలో కనబడకుండా ఇళ్ల మధ్యగోడలకు కన్నాలు పెట్టుకుని ఒకచోట చేరి, తెల్లవారకముందే విరుచుకుపడ్డారు. వానలో ఆడవాళ్లు ఇళ్ల కప్పుల మీంచి పెంకులు విసిరారు. పట్టుబడిన 180 మందిని తర్వాత చంపేశారు. ఈ ఊరంటే నాకెంత ఇష్టమైనా ఆ పనిని సమర్థించలేను.

అపోహ: చిన్న ఊరు గనక ముట్టడికి ఇట్టే లొంగిపోయింది.

వాస్తవం: స్పార్టా, దాని మిత్రులు ముట్టడిస్తే క్రీ.పూ. 429 నుంచి 427 దాకా నిలిచింది. లోపల ఉన్నది 400 మంది ప్లాటియన్లు, 80 మంది ఏథెన్స్ వాళ్లు, రొట్టెలు చేసిపెట్టడానికి 110 మంది స్త్రీలు. శత్రువులు గోడ పక్కన మట్టిదిబ్బ పోస్తుంటే, వీళ్లు అడుగున సొరంగం తవ్వి ఆ మట్టినే లోపలికి లాగేశారు. తిండి తరుగుతున్నప్పుడు ఒక చలికాలపు రాత్రి 212 మంది తప్పించుకున్నారు. నిచ్చెనల ఎత్తు తేల్చిన తీరు చూడండి: శత్రువు ఊరి చుట్టూ కట్టిన గోడలో గార పూయని చోట ఇటుక వరసలను చాలామంది, చాలాసార్లు లెక్కపెట్టారు. ఒకరు తప్పినా ఎక్కువమంది లెక్క నిజమవుతుందని.

చివరికి మిగిలినవాళ్లు లొంగిపోయారు. 'ఈ యుద్ధంలో మాకేం మేలు చేశారు?' అని స్పార్టా న్యాయమూర్తులు అడిగారు. పర్షియన్లతో పోరులో ఇక్కడ చనిపోయిన మీ తండ్రుల సమాధులు మా నేలలోనే ఉన్నాయి, ఏటా వాటికి వస్త్రాలు, తొలిపంట సమర్పిస్తున్నాం అని వీళ్లు వేడుకున్నారు. అయినా 200 మందికి తక్కువ కాకుండా ప్లాటియన్లను చంపారు, స్త్రీలను బానిసలుగా అమ్మారు.

అపోహ: ఊరు అక్కడితో అంతరించింది.

వాస్తవం: క్రీ.పూ. 386 తర్వాత ప్లాటియన్లు తిరిగొచ్చారు, 373లో థీబ్స్ మళ్లీ వెళ్లగొట్టింది, మాసిడోనియా రాజుల కాలంలో మళ్లీ కట్టుకున్నారు. పర్షియన్లతో ఆ యుద్ధం జరిగి ఐదు వందల ఏళ్లు దాటాక కూడా ఏటా ఒకరోజు ఊరి అధికారి ఎర్రని వస్త్రం కట్టి, నీటికుండ పట్టుకుని ఆ సమాధుల దగ్గరికి వెళ్లేవాడని, రాళ్లను తానే కడిగేవాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.