గోడ అవతలి కాలనీ

హైదరాబాద్ శివార్లలో, మణికొండలోనో నిజాంపేటలోనో ఇల్లు వెతికినవాళ్లకు ఇది అనుభవమే. వెనక వీధిలో కనబడే ఇంటికి వెళ్లాలంటే మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి. మధ్యలో ఉన్నది ఒక్క ప్రహరీ గోడ.

హైదరాబాద్ పుట్టిందే చౌరస్తాతో. 1591లో చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకు నాలుగు బాటలు వేసి, ఊరిని వాటి చుట్టూ పెంచారు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కూడా ఇరుకు బస్తీలను విప్పి పత్తర్‌గట్టీ లాంటి వెడల్పు దారులు తీసింది. బాట సర్కారు చూసుకునేది, ఇళ్లు దాన్ని బట్టి వచ్చేవి.

ఊరు శివార్లకు పాకేసరికి ఈ వరస తిరగబడింది. 1975లో హుడా (హైదరాబాద్ నగరాభివృద్ధి సంస్థ) వచ్చింది, మాస్టర్ ప్లాన్లూ వచ్చాయి. కానీ ప్లాన్‌లో గీసేది పెద్ద రోడ్లనే. 30, 40 అడుగుల వీధిని గీసేది వెంచర్ వేసే ఆసామి. ఆయన చేతిలో ఉన్నది ఏదో సర్వే నంబరులో అయిదెకరాలో పదెకరాలో. పొలం గట్టు వచ్చేసరికి ఆయన రోడ్డు ఆగిపోతుంది. కొన్నేళ్లకు పక్క పొలం ఇంకొకరు కొంటారు, వాళ్ల రోడ్డు ఇరవై అడుగులు పక్కకు పడుతుంది. ఒకప్పుడు మడికీ మడికీ మధ్య ఉన్న గట్టే ఇవాళ కాలనీకీ కాలనీకీ మధ్య గోడ. రైతులైనా గట్టు మీద నడవనిచ్చేవారు!

అమెరికా శివార్లలోనూ ముందుకు దారిలేని వీధులు బోలెడు. అయితే అక్కడ కావాలనే గీశారు, 1930ల నుంచి ఇళ్ల రుణాలకు హామీ ఇచ్చే ఫెడరల్ సంస్థే ప్రోత్సహించింది. మన దగ్గర వీటిని ఎవరూ అనుకుని గీయలేదు.

1998లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచాక పడమటి భూములకు రెక్కలొచ్చాయి, వాటితో గేటెడ్ కమ్యూనిటీలూ పెరిగాయి. లేఅవుట్‌లోని రోడ్లను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలన్నది నిబంధన. రాసిచ్చిన రోడ్డుకే గేటు పెట్టుకున్న కాలనీలూ ఉన్నాయి. అనుమతి లేని వెంచర్ల కోసం 2008, 2015, 2020ల్లో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం) తెచ్చారు. రుసుము కడితే ప్లాటు సక్రమమవుతుంది గానీ, ఇళ్లు లేచాక వీధి పక్కకు జరగదు కదా. 158 కిలోమీటర్ల అవుటర్ రింగ్ రోడ్డు ఊరిని మరింత దూరం లాగింది. దూరపు ఊళ్లు దగ్గరయ్యాయి, పక్క కాలనీ మాత్రం అక్కడే ఉంది.

2007లో 12 మున్సిపాలిటీలను, 8 పంచాయతీలను కలిపి జీహెచ్‌ఎంసీ చేశాక, ఎక్కడెక్కడ వీధులు తెగాయో ఒకే ఆఫీసు చూసే వీలు కలిగింది. తెగిన వీధులను కలిపే 'మిస్సింగ్ లింక్ రోడ్లు' అన్న మాట వాడుకలోకి వచ్చింది. కొన్ని 2020 లాక్‌డౌన్ నాళ్లలో పూర్తయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరులో దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచి జూబ్లీహిల్స్‌ను మాదాపూర్‌తో నేరుగా కలిపారు. చెరువు మీదుగా దారి వేయగలిగాం. రెండు కాలనీల మధ్య నలభై అడుగులు కలపాలంటే మాత్రం మూల ప్లాటు కొనాలి, అందులో ఇప్పటికే అయిదంతస్తుల ఇల్లు లేచి ఉంటుంది.