మెటల్ డిటెక్టర్: కొనేముందు, కొన్నాక - అపోహలు, వాస్తవాలు

తూర్పు ఇంగ్లండ్‌లో రైతుల అనుమతి తీసుకుని, వాళ్ల పొలాల్లో మెటల్ డిటెక్టర్‌తో వెతకడం నా వ్యాపకం. ఆగస్టులో గోధుమ కోతలయ్యాక, మళ్లీ విత్తనం పడేలోపు కొయ్యకాళ్లతో ఖాళీగా ఉండే ఆ కొద్ది వారాలు మాకు పండగ. ఈ సంగతి తెలిసిన మనవాళ్లు ఎవరు కలిసినా ముందు అడిగే మాట ఒకటే: "బంగారం ఎంత లోతులో ఉన్నా చెప్పేస్తుందా?" కొత్తగా కొనేవాళ్ల డబ్బు వృథా కావడానికి, కొన్న యంత్రం మూలన పడటానికి ఇలాంటి నమ్మకాలే కారణమవుతున్నాయి. అందుకే తెలిసినంతలో రాస్తున్నాను.

అపోహ: డిటెక్టర్ బంగారాన్ని గుర్తుపడుతుంది

గుర్తుపట్టదు. కాయిల్‌లోంచి (కర్ర చివర ఉండే, లోపల తీగ చుట్టలున్న పళ్లెంలాంటి భాగం) సెకనుకు వేలసార్లు దిశ మార్చుకునే అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అక్కడ లోహం ఉంటే దాంట్లో చిన్న సుడి కరెంట్లు పుడతాయి. వాటివల్ల ఏర్పడే క్షేత్రాన్ని కాయిల్‌లో ఉన్న రెండో చుట్ట అందుకుంటుంది. పంపినదానికీ తిరిగొచ్చినదానికీ మధ్య తేడాను కొలిచి, యంత్రం తెర మీద ఓ అంకె వేస్తుంది, చెవిలో ఓ టోన్ వినిపిస్తుంది. వస్తువులోంచి కరెంటు ఎంత బాగా పారుతుంది, అది ఎంత పెద్దది, ఎంత మందం, నేలలో ఎలా పడి ఉంది అన్నవన్నీ కలిస్తేనే ఆ అంకె.

సన్నని బంగారు ఉంగరం, కూల్‌డ్రింక్ డబ్బా మీద లాగే రింగు, చాక్లెట్ చుట్టిన రేకు దాదాపు ఒకే అంకెల దగ్గర పలుకుతాయి. చెత్త తవ్వలేక విసుగొచ్చి డిస్క్రిమినేషన్‌లో (వద్దనుకున్న అంకెలు వినిపించకుండా చేసే సెట్టింగ్) ఆ అంకెలను మూసేసినవాళ్లు దాంతోపాటే ఉంగరాలనూ మూసేసుకుంటున్నారు. ఇనుముదీ ఇదే కథ. మామూలు మేకు కింది టోన్‌లోనే గొణుగుతుంది కానీ, గుర్రపు నాడా లాంటి పెద్ద ఇనుప ముక్క ఒక్కోసారి వెండి నాణెంలా పైస్థాయిలో మోగుతుంది. అప్పుడు నేను కాయిల్‌ను అడ్డంగా తిప్పిన చోటే తొంభై డిగ్రీలు పక్కకు జరిగి మళ్లీ తిప్పుతాను. గుండ్రటి నాణెమైతే రెండు వైపులా ఒకేలా, శుభ్రంగా పలుకుతుంది. ఇనుమైతే ఒకవైపు బాగా పలికి, రెండోవైపు తెగిపోయి గరగరమంటుంది. అంకె కంటే ఈ తేడాను పట్టుకునే చెవి ముఖ్యం. హెడ్‌ఫోన్లు లేకుండా పొలంలోకి వెళ్లకండి. లోతున ఉన్నవాటి సన్నని శబ్దం గాలి హోరులో కలిసిపోతుంది.

అపోహ: మంచి యంత్రమైతే మీటర్ల లోతున, కిలోమీటర్ దూరాన ఉన్నదీ పట్టేస్తుంది

కాయిల్ సైజును మించిన దూరంలో ఉన్న చిన్న వస్తువు విషయంలో, దూరం రెట్టింపైతే తిరిగొచ్చే సిగ్నల్ సుమారు 64వ వంతుకు పడిపోతుంది. ఇది భౌతికశాస్త్రం, ఏ కంపెనీకీ మినహాయింపు లేదు. యంత్రం పంపే శక్తిని, అంటే నేలలోకి వెళ్లే క్షేత్రాన్ని, రెండింతలు చేసినా లోతు పెరిగేది నూటికి పన్నెండు వంతులే. పది, పదకొండు అంగుళాల కాయిల్‌తో రూపాయి బిళ్లంత నాణెం దొరికేది బెత్తెడు నుంచి జానెడు లోతులో. బిందెలాంటి పెద్ద వస్తువైతే ఇంకా లోతు నుంచీ పలుకుతుంది, అంతే.

మరి చేత్తో పట్టుకుని నడుస్తుంటే యాంటెన్నా దానంతటదే బంగారం వైపు తిరిగే 'లాంగ్ రేంజ్' యంత్రాలు? అవి మోసం. మెత్తగా చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే లంకెబిందెల ఆశ పెట్టి ఇలాంటివి అమ్మేవాళ్ల చేతిలో నష్టపోయేది అప్పుచేసి కొన్న మామూలు జనం. ఇరాక్‌లో చెక్‌పోస్టుల దగ్గర బాంబులు కనిపెట్టడానికి ఏడీఈ 651 అనే పరికరాన్ని వాడారు. గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువు లాంటిదాన్నే మార్చి వేల డాలర్లకు అమ్మారు, అందులో పనిచేసేదేమీ లేదు. అమ్మిన జేమ్స్ మెక్‌కార్మిక్‌కు 2013లో లండన్ కోర్టు పదేళ్ల జైలుశిక్ష వేసింది. చేతిలో ఊగే ఆ యాంటెన్నాను కదిలించేది మన మణికట్టే. బంగారం కోసం అమ్మేవాటిలోనూ జరిగేది అదే.

అపోహ: ఖరీదు ఎక్కువైతే దొరికేదీ ఎక్కువ

2009లో స్టాఫర్డ్‌షర్‌లో దొరికిన ఆంగ్లో-శాక్సన్ బంగారు నిధికి 32.85 లక్షల పౌండ్ల విలువ కట్టారు. దాన్ని కనిపెట్టిన టెర్రీ హెర్బర్ట్ వాడింది ఖరీదైన కొత్త మోడల్ కాదు, చాలా ఏళ్ల నాటి పాత డిటెక్టర్. యంత్రం కంటే ఆయన నిలబడిన పొలం గొప్పది.

కొనేముందు తేల్చుకోవాల్సింది ఎక్కడ వెతుకుతారన్నది. పొలాలకు, పార్కులకు వీఎల్ఎఫ్ రకం (పైన చెప్పినట్టు తక్కువ ఫ్రీక్వెన్సీతో నడిచే మామూలు డిటెక్టర్) చాలు. తడి ఇసుక సముద్రతీరంలో ఒకే ఫ్రీక్వెన్సీతో నడిచే వీఎల్ఎఫ్ ఉప్పుకు గందరగోళపడుతుంది, అక్కడ ఒకేసారి చాలా ఫ్రీక్వెన్సీలతో నడిచే మల్టీ ఫ్రీక్వెన్సీ గానీ, కరెంటును చిన్న చిన్న కుదుపులుగా పంపే పల్స్ ఇండక్షన్ గానీ కావాలి. ఆస్ట్రేలియా బంగారు భూముల్లాంటి ఇనుప ఖనిజం నిండిన ఎర్రనేలల్లో పల్స్ ఇండక్షన్‌దే రాజ్యం. కానీ ఇనుమునూ మిగతా లోహాలనూ విడదీయడంలో అది బలహీనం కాబట్టి, మేకులు నిండిన పొలానికి దాన్ని తెస్తే రోజంతా మేకులే తవ్వుతారు. మొదటిసారి కొనేవాళ్లకు గారెట్ ఏస్, నోక్టా సింప్లెక్స్, మైన్‌ల్యాబ్ వాన్‌క్విష్ వరుసలు సరిపోతాయని నా అభిప్రాయం. మిగిలిన డబ్బుతో ఒక పిన్‌పాయింటర్ (తవ్విన గుంతలో వస్తువు సరిగ్గా ఎక్కడుందో చూపే చిన్న చేతి డిటెక్టర్), గట్టి తవ్వుడు పార కొనండి. దుకాణంలో యంత్రాన్ని చేతబట్టి పది నిమిషాలు అటూ ఇటూ ఊపి చూడండి. భుజం లాగితే వద్దు, పొలంలో నాలుగు గంటలు ఊపాలి.

పెద్ద కాయిల్ లోతుకు మంచిదే, కానీ చెత్త నిండిన చోట రెండు మూడు వస్తువుల సిగ్నళ్లను కలిపేసి మంచిదాన్ని దాచేస్తుంది. పాత ఇళ్లు కూలిన చోట నేను చిన్న కాయిలే వాడతాను.

అపోహ: సెన్సిటివిటీ చివరిదాకా పెంచితే లోతు పెరుగుతుంది

పెరిగేది గోల. కరెంటు తీగల కింద, జేబులో ఫోన్ మోగుతున్నా, బూట్ల ముందు ఉక్కు తొడుగున్నా యంత్రం ఉత్తినే కూస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా కోసం గ్రాహంబెల్ ఇలాంటి పరికరంతోనే వెతికాడు. మంచం పరుపులోని ఉక్కు తీగలు అడ్డుపడ్డాయి, తూటా దొరకలేదు. అరుపులు ఆగేదాకా సెన్సిటివిటీ తగ్గించుకోండి. లోహం లేని చోటు చూసుకుని, కాయిల్‌ను నేలకు దగ్గరగా పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్ చేయండి, అంటే నేలలోని ఖనిజాలను యంత్రం పట్టించుకోకుండా సర్దండి. ఊపేటప్పుడు రెండు చివర్లా కాయిల్ పైకి లేస్తే ఎంత లోతు కోల్పోతారో గమనించి, నేలకు సమంగా తిప్పండి.

అపోహ: వాటర్‌ప్రూఫ్ అంటే నిశ్చింత

చాలా మోడళ్లలో తడవగలిగేది కాయిల్ ఒక్కటే. గారెట్ ఏస్ వరుసలో కంట్రోల్ బాక్స్ మీద వానపడినా ముప్పే. నీటిలో మునిగినా పనిచేస్తాయన్న మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్, సింప్లెక్స్ లాంటివాటికీ చార్జింగ్ కంతలు, హెడ్‌ఫోన్ మూతలు బిగుతుగా ఉంటేనే ఆ మాట.

నిజానికి యంత్రాన్ని ఎక్కువగా చంపేది మట్టీ ఉప్పూ. సముద్రం నుంచి రాగానే మంచినీటి ధార మెల్లగా పోయండి, ప్రెషర్ వాషర్ వద్దు. రాడ్డు ముక్కలు విడదీసి లోపలి ఇసుక కడిగి ఆరబెట్టండి. లేకపోతే కొన్నాళ్లకు అవి ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని ఊడిరావు. కాయిల్ కింది ప్లాస్టిక్ తొడుగు తీసి చూడని వాళ్లు చాలామంది. దానికీ కాయిల్‌కూ మధ్య చేరిన తడిమట్టి వల్ల లేని సిగ్నళ్లు వినిపిస్తాయి. కేబుల్ రాడ్డుకు బిగుతుగా చుట్టి ఉండాలి, వదులుగా ఊగినా ఇదే గొడవ. కానీ కాయిల్‌లోకి దూరే చోట మాత్రం కొంచెం జారు వదలండి. అక్కడ లాగిపెడితే లోపలి తీగ తెగుతుంది.

చలికాలమంతా పక్కన పెట్టేటప్పుడు పెన్సిల్ బ్యాటరీలు తీసేయండి, కారితే స్ప్రింగులు తినేస్తాయి. లోపలే ఉండే లిథియం బ్యాటరీని సగం చార్జింగ్‌తో ఉంచి అప్పుడప్పుడూ చూసుకోండి. ఎండలో కారు డిక్కీలో మాత్రం వదలకండి.

అపోహ: దొరికింది కడిగి మెరిపిస్తే విలువ పెరుగుతుంది, దొరికినవాడిదే సొత్తు

రుద్దిన నాణెం పైపొరతోపాటు దాని మీది అక్షరాలూ పోతాయి. వదిలేయండి. పెద్ద నిధి అనిపిస్తే తవ్వడమూ ఆపేయండి. 1992 నవంబరులో సఫక్‌లోని హాక్స్‌న్‌లో ఎరిక్ లాస్, రైతు పోగొట్టుకున్న సుత్తి కోసం వెతుకుతూ రోమన్ నాణేల మీద పడ్డాడు. తానే ఊడ్చేయకుండా కబురుపెట్టాడు కాబట్టే పురావస్తు నిపుణులు వచ్చి, ఏది దేని పక్కన ఉందో చూసుకుంటూ దాదాపు పదిహేను వేల నాణేలు బయటికి తీయగలిగారు.

ఇంగ్లండ్‌లో 1996 ట్రెజర్ చట్టం కింద నిధి లాంటిది దొరికితే 14 రోజుల్లో కరోనర్‌కు (అనుమానాస్పద మరణాలు, నిధులపై విచారణ జరిపే అధికారి) తెలపాలి. మామూలు వస్తువులనూ జిల్లా ఫైండ్స్ లయజాన్ ఆఫీసర్‌కు (జనానికి దొరికిన పురావస్తువులను నమోదు చేసే నిపుణుడు) చూపించి నమోదు చేయించడం మా అలవాటు. రక్షిత స్మారక స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ తిప్పడమే నేరం. మన దేశంలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది: భూమిలో దాగినది పది రూపాయలకు మించిన విలువైనదైతే కలెక్టర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి, దాస్తే ఏడాది వరకు జైలు. పాత గుళ్లు, కోటల దగ్గర గుప్తనిధుల పేరుతో తవ్వేవాళ్లను పోలీసులు పట్టుకోవడం మీరూ పత్రికల్లో చూస్తూనే ఉంటారు. ఇండియా వెళ్లినప్పుడు ఆ వైపు యంత్రం తీసుకెళ్లకండి.

అపోహ: సెకండ్‌హ్యాండ్ కొంటే మోసపోయినట్టే

చూసుకుని కొంటే ఏ ఇబ్బందీ లేదు. యంత్రం ఆన్ చేసి, కాయిల్‌ను లోహానికి దూరంగా చెక్క బల్ల మీద పెట్టి, కేబుల్ లోపలికి దూరే చోట వేలితో మెల్లగా కదపండి. కూస్తే వద్దు. బ్యాటరీ గదిలో పచ్చటి పొడి ఉందేమో, కాయిల్ అంచున పగులుందేమో చూడండి. ఒక నాణెం, ఒక మేకు వెంట తీసుకెళ్లి రెండింటినీ కాయిల్ ముందు ఆడించండి. పేరున్న కంపెనీల నకిలీలు ఆన్‌లైన్‌లో తిరుగుతున్నాయి. సీరియల్ నంబరు అడిగి, డబ్బు ఇచ్చేముందే కంపెనీకి మెయిల్ పెట్టి సరిచూసుకోండి.