పాత ఇంటి బేరం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో పాత ఇళ్లకు విలువ కట్టే ఇంజినీరుగా నేను తరచూ వినే కొన్ని మాటల వల్ల కొనేవారూ అమ్మేవారూ నష్టపోవడం చూస్తున్నాను. అందుకే ఈ వివరణ.

అపోహ: పాత ఇంటికి స్థలం ధరే తప్ప కట్టడానికి విలువ ఉండదు.

వాస్తవం: ఈ మాట నమ్మి మరీ తక్కువకు అడిగితే ఇంటివారు నొచ్చుకుని బేరమే మానుకుంటారు. మధ్యవర్తి కొత్త ఇంటి రేటు కలిపి చెప్పడమూ అంతే తప్పు. స్థలానికి వేరుగా, కట్టడానికి వేరుగా లెక్క వేయాలి. స్లాబు ఇంటి ఆయుర్దాయాన్ని సాధారణంగా 60 ఏళ్లుగా తీసుకుని, చివరికి మిగిలే విలువగా 10 శాతం పక్కన పెట్టి, మిగతా 90 శాతాన్ని ఏటా సమానంగా తగ్గిస్తాము. సత్యనారాయణపురంలో 30 ఏళ్ల నాటి ఇంటిని ఈరోజు అదే కొలతలతో కట్టడానికి 24 లక్షలు అవుతుందనుకుంటే, ఏటా ఒకటిన్నర శాతం చొప్పున 30 ఏళ్లకు 45 శాతం తరుగు పోగా 13 లక్షల 20 వేలు మిగులుతుంది. అందులోంచి మరమ్మతుల ఖర్చు తీసివేయాలి.

అపోహ: రంగులు వేసి శుభ్రంగా ఉంటే ఇల్లు గట్టిదే.

వాస్తవం: నేను ముందుగా చూసేది స్నానాల గది పైకప్పు. చిన్న సుత్తితో తడితే డొల్ల శబ్దం వచ్చిన చోట లోపలి ఇనుము తుప్పు పట్టి, ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా కిందికి నెడుతూ ఉండవచ్చని అర్థం. పైన ఎంత రంగు వేసినా అది ఆగదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద ముంచిన సింగ్‌నగర్ వైపు ఇళ్లలోనైతే, గోడ కింది భాగానికి మాత్రమే కొత్త రంగు ఉంటే, నీళ్లు ఎంతవరకు వచ్చాయో అమ్మేవారినే కాక ఇరుగుపొరుగువారినీ అడగండి.

అపోహ: రిజిస్ట్రేషన్ శాఖ విలువే సరైన ధర.

వాస్తవం: అది స్టాంపు డ్యూటీ లెక్కకు ఆధారం మాత్రమే. ఒక ఇంటి స్లాబు స్థితిని ఆ అంకె చెప్పదు.

అపోహ: దస్తావేజులో ఎన్ని గజాలుంటే అన్నింటికీ డబ్బు కట్టాల్సిందే.

వాస్తవం: వన్‌టౌన్ సందుల్లోని పాత ఇళ్లకు హద్దులు కొలిపించకుండా ధర ఖాయం చేయవద్దు. కాగితంలో 200 గజాలుండి, నేల మీద 188 తేలితే, ఆ 12 గజాల ధర తగ్గించమని అడగడం న్యాయమే.

అపోహ: లోపాలు ఎత్తిచూపితే అమ్మేవారికి కోపం వస్తుంది.

వాస్తవం: కోపం తెప్పించేది లోపం పేరు చెప్పి నోటికొచ్చిన అంకె తగ్గించడం. మేస్త్రీ చేత రాయించిన మరమ్మతుల అంచనా చేతికిచ్చి మాట్లాడండి. ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు మొదట గట్టిగా కాదన్నారు. తర్వాత నాతో నిచ్చెన ఎక్కి, తమ వంటగది స్లాబును స్వయంగా తట్టి, ఆ డొల్ల శబ్దం విన్నారు. కిందికి దిగి, అంచనాలో రాసిన మొత్తాన్ని తగ్గించుకోవడానికి తామే ఒప్పుకున్నారు.